రోడ్రిగ్స్‌కి ఇద్దరేనా?

ఈ వారం నేను నేర్చుకున్న మాట: ప్రాతినిధ్యం. సరిగ్గా పలకడానికి మూడు రోజులు పట్టింది. నేర్చుకున్న మాటని వాడాలి కదా, అందుకే ఈ పోస్టు.

మారిషస్ అంటే చాలామందికి ఒక్క దీవే గుర్తొస్తుంది. కానీ మాకు తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ ఉంది. అదీ మా దేశమే. విమానంలో గంటన్నర ప్రయాణం. వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు, జనం సుమారు 44 వేలు. అంతా కొండల నేల, నీళ్లకి ఎప్పుడూ కొరతే.

మా పార్లమెంటుకి 62 మందిని ఎన్నుకుంటాం. మారిషస్ దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. 21వది రోడ్రిగ్స్. దానికి మాత్రం ఇద్దరే.

"జనం తక్కువ కదా!" అన్నారు మా నాన్న. కాగితం మీద లెక్క వేసి చూశాను. ఇక్కడ సగటున 20 వేల మందికి ఒక సభ్యుడు, అక్కడ 22 వేల మందికి ఒకరు. పెద్ద తేడా లేదు. నాన్న మాటే నిజమనుకున్నాను.

కానీ సగటు అన్నీ చెప్పదు. పోర్ట్ లూయిస్‌లోని 3వ నియోజకవర్గంలో ఓటర్లు పాతిక వేలలోపే. అయినా ముగ్గురు సభ్యులు. రోడ్రిగ్స్‌లో ఓటర్లు 30 వేలు దాటారు. అయినా ఇద్దరే. ఇది చూపిస్తే నాన్న ఏమీ అనలేదు.

"వాళ్లకి సొంత సభ ఉందిగా" అని మీరు అడగవచ్చు. ఉంది. 2002 నుంచి ప్రాంతీయ సభ నడుస్తోంది, అది మంచి పని. కానీ దాని డబ్బు ఎక్కువగా పోర్ట్ లూయిస్ బడ్జెట్ నుంచే వస్తుంది. పెద్ద జబ్బు చేస్తే రోగి విమానం ఎక్కి ఇక్కడికే రావాలి. ఇలాంటివి తేలేది పార్లమెంటులోనే. అక్కడ వాళ్ల గొంతు ఇంకొకటి ఉండాలి.

రోడ్రిగ్స్ వాళ్లు మొదటిసారి ఓటు వేసింది 1967లో, స్వాతంత్ర్యానికి ఒక్క ఏడాది ముందు. అంతవరకు వాళ్లని ఎవరూ అడగలేదు.

మన తెలుగువాళ్లం ఈ దేశంలో కొద్దిమందిమే. అయినా ఉగాది రోజు దేశమంతా సెలవు. మన సంఖ్య చూసి "మీకెందుకు?" అని ఎవరూ అనలేదు. ఆ గౌరవం విలువ తెలిసినవాళ్లం మనమే ముందు అడగాలి: రోడ్రిగ్స్‌కి కూడా ముగ్గురు ఉండాలి.

మీరేమంటారు? నా తెలుగులో తప్పులుంటే అవి కూడా చెప్పండి.