ఆ ఓడలో అమాయకులు లేరు

హైతీ చిత్రకళ గురించి రాసే పుస్తకాల్లో ఒక మాట పదేపదే కనిపిస్తుంది: నాయీవ్. తెలుగులో చెప్పాల్సి వస్తే 'అమాయక కళ' అంటాం. రాసేవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండదు, తెలుసు. కానీ ఆ మాట మనకు కొత్త కాదు. పేపర్లో మన గురించి వార్త వస్తే 'గిరిజనులు' ముందు 'అమాయక' ఉండాల్సిందే. భూమి పోయినా అమాయక గిరిజనులే, జ్వరాలతో పోయినా అమాయక గిరిజనులే. మోసం చేసినవాడి పేరు రాయాల్సిన చోట మన తెలివితక్కువతనం రాస్తారు. అదే మాటను మన చేత్తో తీసుకెళ్లి ఇంకో జాతి బొమ్మకు అంటించడం నేను ఒప్పుకోను.

ఫ్రాంట్జ్ జెఫిరిన్ సంగతి చూడండి. 1968లో కేప్ హైతియన్‌లో పుట్టాడు. చిన్నప్పుడే బంధువు అంత్వాన్ ఒబిన్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. 2007లో యాక్రిలిక్ రంగులతో ఒక ఓడను గీశాడు. ఆ ఓడ పేరు బ్రూక్స్. బానిసల్ని మోసిన నిజమైన ఓడ, ఇంగ్లండులోని లివర్‌పూల్‌ది.

ఆ ఓడ బొమ్మ అంతకు ముందే లోకమంతా తిరిగింది. 1788 చివర్లో బానిస వ్యాపారాన్ని వ్యతిరేకించిన ఇంగ్లీషువాళ్లు దాని నమూనా అచ్చు వేశారు. పైనుంచి చూసినట్టు, అరల్లో సర్దిన సరుకులా వరుసగా పడుకోబెట్టిన నల్లటి మనుషులు. చట్టం అనుమతించిన లెక్క 454 మంది. అంతకు ముందు ఒక ప్రయాణంలో 609 మందిని కుక్కారు. ఆ అచ్చుబొమ్మ మేలే చేసింది, కాదనను. చూసినవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. కానీ అందులో ఒక్కరికీ చెప్పుకోదగ్గ ముఖం లేదు. చేయి లేపినవాడు లేడు. జాలి పడడానికి కావలసినట్టే పడుకున్నారు. మన మేలు కోరే పెద్దలు మనల్ని చూసేదీ ఇలాగే.

ఆ అచ్చుబొమ్మ వచ్చి మూడేళ్లు తిరగకుండానే, 1791 ఆగస్టులో, అలాంటి ఓడల్లో దిగినవాళ్లే ఫ్రెంచివాళ్ల చెరకు తోటలు తగలబెట్టారు. 1804 జనవరి 1 నాటికి హైతీ స్వతంత్ర దేశం.

ఆ దేశం మనిషి అదే ఓడను మళ్లీ గీస్తే ఎలా ఉంటుంది? పెత్తనం చేసేవాళ్లకు జంతువుల తలలు పెట్టాడు. సంకెళ్లలో ఉన్నవాళ్లకు ముఖాలిచ్చాడు, కళ్లిచ్చాడు. నల్లవాళ్లను పశువుల లెక్కలో రాసుకున్న ఖాతా పుస్తకాన్ని తిరగేసి రాశాడన్నమాట. అధికారంలో ఉన్నవాళ్లను జంతువులుగా గీయడం జెఫిరిన్‌కు అలవాటే. బ్రూక్స్ ఎక్కువగా జమైకా వైపు పోయేది, హైతీకి కాదు. అయినా దాన్నే ఎంచుకున్నాడు. లోకం ఏ బొమ్మ చూసి జాలిపడిందో, సరిగ్గా ఆ బొమ్మకే జవాబు చెప్పాలనుకున్నాడని నా నమ్మకం. ఇందులో అమాయకత్వం ఎక్కడుంది?

ఆయనదే 2007 నాటి ఇంకో బొమ్మ ఉంది, చనిపోయినవాళ్లు తిరిగి లేవడం గురించి. 2010 జనవరి 12న భూకంపం వచ్చాక ఒక పెద్ద అమెరికా పత్రిక దాన్ని ముఖచిత్రంగా వేసింది. గుమ్మం దగ్గర పుర్రె ముఖాల గెదేలు నిలబడి ఉంటారు. బయటివాళ్లకు కనిపించింది చావు ఒక్కటే. వోడూ ఆచరించే హైతీ ఇళ్లలో గెదేలంటే పెద్దలు. ఊదా, నలుపు బట్టలు కట్టి, మిరపకాయలు నానిన సారా తాగి, బూతు జోకులు వేస్తారు. జబ్బు నయం చేస్తారు, పసిపిల్లల్ని కాపాడతారు. నవంబరు 1, 2 తేదీల్లో జనం శ్మశానాలకు వెళ్లి వాళ్లతో పండగ చేసుకుంటారు. ఈ లిపి తెలియనివాడు బొమ్మ సగమే చూశాడు. తెలియనితనం చూసేవాడిది. అమాయకుడన్న పేరు గీసినవాడికి.

ఆ పేరు ఎప్పుడొచ్చిందో కూడా గమనించాలి. 1941–42లో చర్చి, ప్రభుత్వం కలిసి మూఢనమ్మకాల మీద యుద్ధమని వోడూ డోళ్లను, పూజా సామగ్రిని తగలబెట్టాయి. 1944లో డెవిట్ పీటర్స్ అనే అమెరికన్ పోర్టోప్రిన్స్‌లో కళాకేంద్రం తెరిచాడు. అక్కడ పేరు తెచ్చుకున్న హెక్టర్ హిప్పోలిట్ వోడూ పూజారి. నిన్నటిదాకా తగలబెట్టాల్సిన నమ్మకం, గోడకు తగిలించుకోగానే అమాయకమైపోయింది! ఆ పేరుతో బొమ్మలు అమ్ముడయ్యాయి, పేద చిత్రకారులు బతికారు అనే మిత్రులున్నారు. నిజమే. అన్నం పెట్టింది కాబట్టి ఆ పేరు నిజమైపోదు.

మనకూ ఇదే జరుగుతోంది. సవరల గోడ బొమ్మ అలంకారం కాదు, పోయినవాళ్లు వచ్చి ఉండడానికి వేసిన ఇల్లు. ఒడిశా కొండల్లో వెరియర్ ఎల్విన్ చూసిన సవర గోడల మీద అధికారులు, సైకిళ్లు, విమానాలు కూడా ఉన్నాయి. ఎవరి పెత్తనం నడుస్తోందో చూసి గీసిన చేతులవి. వాటిని కప్పుల మీద, సంచుల మీద అచ్చేసి 'ఆదివాసుల అమాయక సౌందర్యం' అనడానికి మనలో కొందరు బడిపంతుళ్లు కూడా తల ఊపుతున్నారు.

పంతుళ్లకు ఒక్కటే అడుగుతాను. 1788 అచ్చుబొమ్మ, జెఫిరిన్ ఓడ పక్కపక్కన పెట్టండి. ముందు మీరేమీ చెప్పకండి. ఏ బొమ్మలో ఎవరికి ముఖం ఉందో, ఎవరికి లేదో పిల్లల్నే చెప్పనివ్వండి. తర్వాత ఊళ్లో గోడ బొమ్మ వేసే పెద్దాయన్ని బడికి పిలిచి కుర్చీ వేయండి.