అభిమాని పెట్టె

హైదరాబాదు పాతబస్తీ వృద్ధులకు ఫుట్‌బాలు మాట వచ్చినచో ముందుగా తలపునకు వచ్చు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ బడిపంతులు తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పు గెలుచుకొనెను. 1948 నాటి కల్లోలము జరిగి రెండేండ్లయినను కాని నగరమునకు తలయెత్తి చెప్పుకొన దొరికిన మాట అది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు చేరెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా స్వర్ణము తెచ్చెను. మరుసటి జూన్ నెలలో రహీం కన్నుమూసెను.

ఇంటింట టెలివిజను లేని ఆ రోజులలో అభిమానికి మిగిలినది పత్రికలోని చేరెడు ముక్క, మసకబారిన ఛాయాచిత్రము. వానిని కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచుకొన్న వానిని చూచి ఇంటివారు విసుగుకొనుట సహజమే. (తపాలాబిళ్లలు కూర్చువానిని మెచ్చు లోకము వీనినేల వెక్కిరించునో!) ఆ కాగితమున వాడు చూచునది గోలుల లెక్క కాదు. చేయిపట్టి మైదానమునకు తీసికొనిపోయిన తండ్రిని. ఇరానీ హోటలులో అర్ధరాత్రి దాక వాదించి, చాయ్ డబ్బులు తానే ఇచ్చిన మిత్రుని.

2024లో 'మైదాన్' హిందీ చిత్రము రహీంను తెరకెక్కించినది, సంతోషమే. కాని పెద్దాయన పోయిన మరునాడు ఆ పెట్టె తూకమునకు అమ్ముడుపోవును. ఆయన బ్రతికియుండగనే ఆ ముక్కలకు ప్రతులు తీయించి, ఏ ఆట ఎవరితో కూడి చూచెనో ఆయన నోటనే విని వ్రాసికొనవలెను. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయము పాతబస్తీకి మూసీ అవతలి గట్టుననే యున్నది.