ఫోన్ల చేపకు అంత ఆకలెందుకు?

పోయిన నెల మా చెల్లె ఇంటికి పోయిన. ఎనిమిదేండ్ల మేనకోడలు అన్నం ముంగట కూసోని ఏడుస్తాంది. ఏందిరా అంటే, "మామా, నా చేప సచ్చిపోతది, ఫోనియ్యమని చెప్పు" అన్నది.

ఫోన్ల ఓ అద్దాల తొట్టి, అండ్ల ఆరేడు రంగుల చేపలు. ఒకటి పక్కకు ఒరిగింది. పైసలు పెట్టి 'ముత్యాలు' కొంటే దానికి మందు దొరుకుతదట. పిల్ల అప్పటికే మూడుసార్లు కొన్నది, మొత్తం 1,340 రూపాయలు. మా చెల్లె నాలుగు దినాలు పత్తి ఏరిన కూలి అది. పిన్ నంబరు దీనికెట్ల ఎరుకైందని బావ ఎగిరిండు. ఎరుక గాక ఏమైతది? కిరాణం కాడ నాయినమ్మ ఫోన్లకెళ్లి పైసలు కొట్టేది గీ పిల్లనే.

నేనైతే పిల్లను తిట్టలె. చేప నిజంగనే సస్తదని నమ్మింది అది.

గీ నమ్మకం మీద యాపారం కొత్తది కాదు. 1996ల జపాన్‌ల బందాయ్ కంపెనీ తమగోచి తెచ్చింది. గుడ్డసొంటి ప్లాస్టిక్ బొమ్మ, చిన్న తెర, మూడు బటన్లు. మేపకుంటే అండ్లున్న జీవి సచ్చిపోయేది. పిల్లలు బడికి గూడ పట్కపోయి మేపిన్రు. గని ఒకసారి బొమ్మ అమ్మినంక, అండ్ల జీవి సచ్చినా బతికినా కంపెనీకి ఒకటే. ఫోన్లొచ్చినంక లెక్క మారింది. ఆట ఉత్తగనే ఇస్తరు, ఆకలికి మాత్రం పైసలు అడుగుతరు. 2010 చుట్టుపక్కల ఐఫోన్లల్ల ట్యాప్ ఫిష్ అని ఒకటి నడిచింది. తొట్టి ఉత్తదే, అండ్ల ఖర్సుపెట్టే 'ఫిష్ బక్స్' అసలు పైసలకు కొనాలె. పిల్లల ఆటలల్ల తల్లిదండ్రులకు తెల్వకుంట అయిన ఖర్సుల మీద అమెరికాల పెద్ద లొల్లి అయింది. 2014ల అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు తలొగ్గి, కనీసం 3.25 కోట్ల డాలర్లు వాపసిచ్చేతందుకు ఆపిల్ ఒప్పుకున్నది. ఒక తల్లైతే తన బిడ్డ ఒక్క పెంపుడు జంతువుల ఆటలనే 2,600 డాలర్లు పెట్టిందని చెప్పింది. ఒకపారి పాస్‌వర్డ్ కొడితే 15 నిమిషాల దాక మల్ల అడగకపోయేది, అదీ సందు.

మన కాడ? పైసల రమ్మీని తెలంగాణ 2017లనే బందు పెట్టింది. 2025 ఆగస్టుల పార్లమెంటు దేశమంతా పైసల ఆటలు బందు పెడుతూ చట్టం చేసింది. మంచిగైంది. గని ఆ చట్టం చూసేది ఒక్కటే: పైసలు పెట్టి పైసలు గెలుస్తనన్న ఆశ అండ్ల ఉన్నదా లేదా. చేపల ఆటల పిల్ల గెలిచేదేం లేదు. పెట్టుడే గని వచ్చుడుండది. అందుకే అది చట్టానికి ఆనది. రమ్మీ మనిషిని ఆశతోని గుంజుతది, ఇది పిల్లను జాలితోని గుంజుతది. ఆశపడి మునిగినోన్ని ఊరు తిడతది. జాలిపడ్డ పిల్లను ఏమని తిట్టాలె?

2023 డేటా రక్షణ చట్టం 18 ఏండ్ల లోపోల్లకు గురిపెట్టి ప్రకటనలు ఏయొద్దన్నది. ఇంక పూర్తిగ అమలుకు రాలె. 2025 నవంబరుల రూల్స్ పెట్టి, 18 నెలల గడువిచ్చిన్రు. వచ్చినంకనన్న అడగాలె: "నీ చేప ఆకలితోని ఉన్నది" అని రాత్రి తొమ్మిదింటికి ఫోన్ మోగుతే, అది ప్రకటన గాదా?

బాధ్యత నేర్పుతదని కొందరంటరు. ఇంట్ల చేపల తొట్టి ఉన్నోల్లను అడుగుండ్రి. అసలు చేప ఒకటి రెండు దినాలు మేత లేకున్నా ఆగుతది. మేత ఎక్కువేస్తేనే నీళ్లు చెడిపోయి సస్తది. ఫోన్ల చేపకు మాత్రం పూటకు రెండుసార్లు పానం మీదికొస్తది. మన రాష్ట్ర చేప కొర్రమీను చెరువుల పిల్లల గుంపును ఎంటేసుకొని కావలి కాస్తది, ఎవరన్న దగ్గరికొస్తే మీదికురుకుతది. చెరువు అర కిలోమీటరే ఉన్నది, మా మేనకోడలు ఎన్నడు సూడలె. తప్పు దానిది కాదు, పట్కపోనోల్లం మేమే.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, ఇంట్ల ఫోన్ సెట్టింగులు ఎరుకున్నోల్లు మీరే. ఏది కొన్నా ప్రతిసారి పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టుండ్రి. ఆటోపే ఉంటే తీసెయ్యుండ్రి. పిన్ మార్చి పెద్దోల్లకే చెప్పుండ్రి. ఆట పంపే నోటిఫికేషన్లు బందు చెయ్యుండ్రి.

నేను గవన్ని చేసిచ్చి వచ్చిన. ఆటనైతే తీసెయ్యలె. తీస్తే చేపను సంపిన మామనైత.