క్షమాపణ ఏ భాషలో?

జాన్ ఫోర్డ్ 1964లో తీసిన 'షయాన్ ఆటమ్' ఈమధ్య మళ్లీ చూశాను. కుర్రతనంలో చూసి కళ్లు తుడుచుకున్న సినిమా. ఈసారి ఒళ్లు మండింది. "జన్మంతా ఇండియన్లను చంపించే సినిమాలు తీసిన పెద్దమనిషి చివరికి క్షమాపణ చెప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలోయ్?" అన్నాడు పక్కనున్న మిత్రుడు. ఇంకేం కావాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కథ నిజంగా జరిగిందే. 1878లో, ఇప్పటి ఓక్లహోమాలోని రిజర్వేషన్లో ఆకలికీ జబ్బులకీ తాళలేక మూడు వందల పైచిలుకు షయాన్లు ఉత్తరాన ఉన్న తమ నేలకు బయల్దేరారు. వెనక సైన్యం, ముందు చలికాలం. ఎర్రటి కొండల కింద ఆ మనుషులు సాగిపోయే దృశ్యాలు ఇవాళ్టికీ పాతబడలేదు. ఒప్పుకుంటాను.

కానీ ఆ కథ చెప్పే గొంతు ఎవరిది? వాళ్లను తరిమే సైనికాధికారిది. షయాన్ నాయకుల వేషాలు ఎవరివి? మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్‌బాన్‌వీ, గిల్బర్ట్ రోలండ్‌వీ. అంత విషాదం మధ్య డాడ్జ్ సిటీలో జేమ్స్ స్టూవర్ట్ పేకాట ప్రహసనం ఒకటి! చావింట్లో పగటివేషాలు కట్టించినట్టుంది.

వీటినైనా ఆనాటి వ్యాపారమని సరిపెట్టుకోవచ్చు. నాకు మింగుడుపడనిది భాష. షయాన్లుగా కనిపించే జనం నవాహోలు. షూటింగ్ జరిగిన మాన్యుమెంట్ వ్యాలీ వాళ్ల నేల. వాళ్లకు నాలుగు డబ్బులు దొరికాయి, సంతోషమే. కానీ తెరమీద వాళ్లు మాట్లాడింది నవాహో. ఆ రెండు భాషలకీ చుట్టరికమే లేదు. షయాన్‌ది అల్గాంకియన్ కుటుంబం, నవాహోది అథబాస్కన్. తెలుగువాళ్ల కథ తీసి వాళ్లచేత బెంగాలీ పలికించినట్టు! టోనీ హిల్లర్‌మన్ 1993 నాటి నవల 'సేక్రెడ్ క్లౌన్స్'లో నవాహోలు ఈ సినిమా చూస్తూ, గంభీరమైన ఘట్టాల్లో తమవాళ్లు పలికిన కొంటె మాటలకు పడీపడీ నవ్వుతారు. అర్థమైనవాడికి నవ్వు, అర్థం కానివాడికి కన్నీరు.

"చూసేవాళ్లకు తేడా తెలియదు కదా" అన్నాడు మిత్రుడు. నా బాధ అదే. మోంటానాలో షయాన్లు అప్పటికీ ఉన్నారు, వాళ్ల భాషా బతికే ఉంది. అడగాలని ఎవరికీ తోచలేదు. 1990లో వచ్చిన 'డాన్సెస్ విత్ వుల్వ్స్'కీ తెల్లవాడే కథానాయకుడు. అయినా అందులో లకోటాలు లకోటాలోనే మాట్లాడారు. తలుచుకుంటే కానిది కాదు.

తమిళనాట పుట్టి పెరిగినవాణ్ణి. ఇక్కడి సినిమాల్లో తెలుగు పాత్ర నోరు విప్పితే హాలంతా నవ్వుతుంది. అది ఏ ఊరి తెలుగో మాకే తెలియదు. అందుకే 'ఏదో ఒక భాషలే' అన్న మాట వింటే నాకు ఊరుకోబుద్ధి కాదు.

సినిమా బాగుందంటే నాకు పేచీ లేదు. అది షయాన్లకు చెప్పిన క్షమాపణ అని మాత్రం అనకండి.