కాకి తెచ్చిన కబురు

మొన్నొక మిత్రుడి ఇంట్లో కూర్చుని ఉండగా బాల్కనీ కమ్మీ మీద కాకి వాలి అదే పనిగా అరిచింది. వాళ్లమ్మగారు వంటింట్లోంచి తొంగిచూసి, ‘ఎవరో చుట్టాలొచ్చేట్టున్నారు’ అంటూ ఇంకో గుప్పెడు బియ్యం కడిగి ఎసట్లో వేశారు. మనవడు పకపకా నవ్వాడు. ‘వచ్చేవాళ్లయితే ఫోన్ చేస్తారు కదా నాయనమ్మా!’ అన్నాడు. నిజమే. ఫోనే కాదు, లొకేషన్ కూడా పంపమంటారు.

అయినా ఆ గుప్పెడు బియ్యం ఊరికే పుట్టిన అలవాటు కాదు. నూటయాభై ఏళ్ల కిందటి రైతు ఇంటికి చుట్టం వస్తున్నాడంటే ముందుగా చెప్పడానికి కాకి తప్ప ఎవరున్నారు? తర్వాత చెప్పేది వీధి మలుపులో ఎద్దుల మెడ గంటలు. ఆపాటికి బండి గుమ్మంలోకి వచ్చేసినట్టే.

అలాగని వాళ్లు ఒకరికొకరు దూరమైపోయారనుకుంటే పొరపాటు. రైతు ఇంట్లో రాకపోకలు పంచాంగంలోనే రాసిపెట్టి ఉండేవి. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్లాలి. దసరాకో సంక్రాంతికో అల్లుడు రావాలి. తొలి కాన్పు అమ్మ దగ్గరే. కోతలు, నూర్పులు అయిపోయి గాదెలు నిండాక మళ్లీ దుక్కులు మొదలయ్యేలోపు పెళ్లిళ్లు. ఏడాదిగా మొహాలు చూసుకోని పెదనాన్నలూ మేనత్తలూ ఆ పందిట్లోనే కలుసుకునేవారు. ఎవరికీ ‘ఒకసారి వచ్చి వెళ్లాలి’ అని అనిపించనక్కర్లేదు. పండగే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది.

నడుమ ఏదైనా చెప్పాల్సి వస్తే ఇంటి పాలేరో, ఊరి చాకలో రెండామడల దూరం నడిచి కబురు మోసేవాడు. కబురంటే ఉత్త మాటలు కావు. ఒక బుట్టలో అరిసెలు, ఒక జాడీలో ఆవకాయ, దాంతోపాటు నాలుగు మాటలు. తిరిగొచ్చేటప్పుడు బుట్ట ఖాళీగా రాకూడదు. ‘అమ్మాయి ఎలా ఉంది?’ అని తల్లి అడిగేది ఆ మోసుకెళ్లిన మనిషినే. ‘కాస్త చిక్కిందమ్మా’ అని అతనంటే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి జిల్లాల్లో కాలువలు పొలాలను తడపడమే కాదు, మనుషుల్నీ మోశాయి. బండి బాట బురదలో కూరుకుపోయే రోజుల్లో కూడా పడవ కదిలేది. సారె బిందెలతో ఆడపిల్లను పడవ ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా గట్టు మీద నిలబడ్డ తండ్రులు ఎందరో! పడవ సరంగు కూడా కబుర్ల మనిషే. ఏ రేవులో ఎవరి అల్లుడు దిగాడో అతన్నడిగితే తెలిసేది.

ఆ తర్వాతే ఉత్తరం. 1854లో దేశమంతటికీ ఒకే ధర పెట్టారు. పావు తులం బరువున్న ఉత్తరం ఎంత దూరానికైనా అర్ధణా. 1879లో కార్డు వచ్చింది, పావు అణాకి. అయితే రైతు ఇళ్లలో రాయను చదవను వచ్చినవారు తక్కువ. ఒకరు చెబితే మరొకరు రాయాలి, అవతల ఇంకొకరు చదివి వినిపించాలి. ఊరి కరణమో, బడి పంతులో అరుగు మీద కలం పట్టుకుని కూర్చుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవారు.

అందుకే ఆ ఉత్తరాలన్నీ ఒకేలా ఉంటాయి. పైన ‘శ్రీరామ’. ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాము’. ఆవు ఈనిందని, వాన వెనకపట్టు పట్టిందని, పెద్దలకు నమస్కారాలనీ పిల్లలకు ఆశీస్సులనీ. అత్తగారు గుమ్మానికి ఆనుకుని వింటూ ఉండగా కోడలు తన పుట్టింటికి ఇంకేం చెప్పించగలదు? ‘అమ్మను చూడాలని ఉంది’ అని ఒక్క ముక్క చివర రాయించేది. అవతల పంతులుగారు దాన్ని కూడా వానా ఆవూ చదివిన గొంతుతోనే చదివేవారు. తల్లికి మాత్రం అది వేరేగా వినిపించేది.

దూరం వెళ్లినవాళ్లు లేకపోలేదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని సామెత. 1840ల్లోనే మారిషస్ చెరుకు తోటలకు ఓడెక్కినవారున్నారు. తర్వాత రంగూన్ దారి పట్టినవారు ఇంకా ఎక్కువ. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో మనవాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరే పడింది. 1880 నుంచి తపాలా ఆఫీసులో మనియార్డరు మొదలైంది. పైకం వస్తే మనిషి బతికే ఉన్నట్టు. రాకపోతే ఇంట్లోవాళ్లు ఏమీ అనుకోకుండా ఉండటానికి ప్రయత్నించేవారు. వీధి అరుగు మీద ముసలాయన మాత్రం తపాలా బంట్రోతు వెళ్లిపోయాక కూడా కాసేపు అటే చూస్తూ కూర్చునేవాడు.

మంచి కబురైతే కాగితం అంచులకు పసుపు రాసి పంపేవారు. చెడు కబురు ఉత్తరాన్ని చదివిన వెంటనే చించేసేవారు, ఇంట్లో ఉంచకూడదని. కానీ అది చేతికందేసరికి ఎన్నాళ్లయ్యేదో! ఇక్కడ మన శాస్త్రం చూపిన దయ నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. దూరాన దాయాది పోయిన సంగతి పది రోజుల్లోపు తెలిస్తే మిగిలిన రోజులే మైల. పది రోజులు దాటాక తెలిస్తే ఇంకా తగ్గుతుంది. ఏడాది గడిచాక తెలిస్తే తలస్నానంతో సరి. కబురు ఆలస్యం కావడం వినేవాడి తప్పు కాదని ఆ నియమం పెట్టినవారికి తెలుసు.

ఇప్పుడు అమెరికాలో మనిషి పోతే అరగంటలో ఊళ్లో తెలిసిపోతోంది. ఏడాది తర్వాత తెలిసే చావు లేదు. ఆ లెక్క మాత్రం పెద్ద పురోహితుల నోట ఇంకా ఉంది, అడిగేవాళ్లే తక్కువ.