చిత్రంలో లేనిదాన్ని మోడల్ ఎలా చూస్తుంది?

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి మా బ్యాచ్ ఎంఆర్ఐ చిత్రాల్లో బ్రెయిన్ ట్యూమర్ గుర్తుపట్టే మోడల్ చేసింది. ఆన్‌లైన్లో దొరికిన డేటాసెట్, నాలుగు రాత్రులు, 96 శాతం యాక్యురసీ. "ఇంక డాక్టర్లకి పనేముంది రా" అని జోకులేసుకున్నాం.

అదే నెలలో మా పెద్దమ్మకి లివర్ స్కాన్ తీశారు. చిన్న మచ్చ కనిపించింది. రిపోర్టు చివర ఒకటే లైను: కచ్చితంగా చెప్పలేం, 3 నెలల తర్వాత మళ్ళీ తీయించండి. ఆ ఫిల్మ్‌ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పెట్టి చూశాను. గ్రే మీద గ్రే. అక్కడ తేడా ఉంటే కదా, ఏ మోడలైనా పట్టుకునేది!

ఆ తేడా పుట్టించే పని మనది కాదు, కెమిస్ట్రీ వాళ్ళది. వాళ్ళ దగ్గర ఐరన్ ఆక్సైడ్ నానో కణాలున్నాయి. మామూలుగా వీటికి అయస్కాంత గుణం ఉండదు కాబట్టి ఒకదాన్నొకటి లాక్కోవు. స్కానర్‌లోకి వెళ్ళగానే ఒక్కో కణం బుల్లి అయస్కాంతమై చుట్టూ ఉన్న నీటి సిగ్నల్‌ని చెదరగొడుతుంది. అక్కడ చిత్రం నల్లబడుతుంది. లివర్‌లో కుఫర్ కణాలు ఈ ఐరన్‌ని మింగేస్తాయి. చాలా కేన్సర్ గడ్డల్లో ఆ కణాలు దాదాపు ఉండవు. దాంతో ఆరోగ్యంగా ఉన్న లివర్ నల్లగా, గడ్డ తెల్లగా తేలిపోతాయి.

ఇది కొత్త విషయమేం కాదు. ఫెరిడెక్స్ అనే ఇలాంటి మందుకి అమెరికాలో 1996లోనే అనుమతి వచ్చింది. 2003లో ప్రోస్టేట్ కేన్సర్ ఉన్న 80 మంది మీద ఇలాంటి కణాలతోనే ఇంకో పరిశోధన చేశారు. కేన్సర్ పాకిన లింఫ్ నోడ్లలో మామూలు ఎంఆర్ఐ 35.4 శాతం పట్టుకుంటే, ఈ కణాలతో తీసినది 90.5 శాతం పట్టుకుంది. అల్గారిదం మార్చి ఇంత ఇంప్రూవ్‌మెంట్ తెస్తే మనం ఊరంతా చాటింపు వేస్తాం. కానీ ఆ మందుకి అమెరికాలో అనుమతి రాలేదు. ఫెరిడెక్స్‌ని అరగంట పాటు సెలైన్‌లా ఎక్కించాలి, కొందరికి నడుం నొప్పి వచ్చేది. గడోలినియం మందులు వాడటం తేలిక. అమ్మకాలు తగ్గి 2008లో తయారీ ఆపేశారు.

"కాంట్రాస్ట్ లేకపోయినా ఏఐతో చిత్రం మెరుగు చేయొచ్చుగా" అని మా రూమ్మేట్ వాదించాడు. చేయొచ్చు. కానీ అది వేరేవాళ్ళ చిత్రాలు చూసి నేర్చుకున్న ఊహ. మా పెద్దమ్మ లివర్లో ఏ కణం ఐరన్ మింగిందో, ఏది మింగలేదో అది చెప్పలేదు. ఆవిడ మచ్చ ఐరన్ కణాలతో తేలిపోయేదని నేను అనట్లేదు. కొత్త సమాచారం శరీరం లోపలి నుంచే రావాలి అంటున్నాను, అంతే.

అందుకే నా అభిప్రాయం: మెడికల్ ఏఐ ప్రాజెక్టు చేసే ప్రతి సీఎస్ఈ బ్యాచ్‌లో చిత్రం ఎలా తయారవుతుందో తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. ఫస్టియర్‌తో కెమిస్ట్రీ, ఫిజిక్స్ పీడా వదిలిందనుకున్నాం. నేనూ అనుకున్నా.

మూడు నెలల తర్వాత స్కాన్‌లో పెద్దమ్మ మచ్చ పెరగలేదు, భయం లేదన్నారు. కానీ ఈ ఏడాది మా ఇంట్లో ఆవకాయ లేదు. మామిడికాయలొచ్చే రోజుల్లో ఆవిడ ఆ రిపోర్టు పక్కన పెట్టుకుని కూర్చుంది.