హోటలు కాఫీ ఇంట్లో రాదా?

“ఇంట్లో ఎంత మంచి పొడి వేసినా హోటలు కాఫీ రుచి రాదేమండీ?” అని మన సంఘం కూటంలో ఒక సోదరి అడిగారు. పక్కనున్న పెద్దాయన, “వాళ్ళేదో కలుపుతారమ్మా” అని తేల్చివేశారు. కలిపేదంటూ ఉంటే అది చికోరీ. ఆ సంగతి పొట్లం మీదనే అచ్చువేసి ఉంటుంది. అంతకు మించిన రహస్యం నాకైతే కనబడలేదు.

మన బీదరు చాయి ఊరు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నవాళ్ళం గదా, చాయి మన నాలుకకు తాతలనాటి అలవాటు. మా ఆఫీసుకు దక్షిణపు జిల్లాలనుంచి బదిలీమీద వచ్చినవారు ఇల్లు దొరికిందా లేదా అన్నదానికంటె ముందు మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. మనదేశపు కాఫీలో ఇంచుమించు పదింట ఏడు పాళ్ళు పండేది ఈ రాష్ట్రంలోనే. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల మీద నాటాడని చెప్పుకుంటారు. ఆ కొండలకు నేటికీ ఆయన పేరే. మన తెలుగువారికి అరకు ఉండనే ఉన్నది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీలలో బాబా బుడన్ గిరి, అరకు రెండూ ఉన్నాయి.

హోటలువారి బలమల్లా ఒక్కటే, వారి దగ్గర పొడి నిలవ ఉండదు. తెచ్చినది తెచ్చినట్టు చెల్లిపోతుంది. మనమో, చవకగా వస్తుందని కిలో పొట్లం తెచ్చి, పొయ్యి పక్కన గూట్లో పెట్టి, రోజుకు పదిసార్లు మూత తీస్తాము. పొడి కొట్టిన కాఫీ వాసన రోజుల మీద ఎగిరిపోతుంది. గూడు తెరవగానే ఘుమఘుమలాడుతున్నదని సంతోషిస్తాము గాని, ఆ వచ్చే వాసన గ్లాసులోనుంచి పోతున్నదే! వారానికో పదిరోజులకో సరిపడా 200 గ్రాములు తెచ్చుకోవడం మేలు.

కొనేటప్పుడు పొట్లం వెనక చదవండి. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని చట్టం. అంటే సగానికి కొంచెం తక్కువగా చికోరీ వేర్ల పొడి ఉన్నా తప్పు కాదన్నమాట. చికోరీ రంగును, చిక్కదనాన్ని ఇస్తుంది, కాఫీ గుణం ఇవ్వదు. 2024, 2025లలో బ్రెజిల్, వియత్నాం దేశాలలో వానలు లేక ప్రపంచమంతటా కాఫీ ధర మండిపోయింది. అటువంటప్పుడు చికోరీ పాలు ఎక్కువున్న పొడివైపు చెయ్యి పోవడం సహజమే. నా మట్టుకు 80 పాళ్ళు కాఫీ, 20 పాళ్ళు చికోరీ బాగుంటుంది.

ఇక కొలత. నలుగురికి 25 గ్రాముల పొడి కావాలి. తక్కువ వేసి, నీళ్ళు ఎక్కువ పోసి, దిగినదాన్ని పొయ్యిమీద మరగబెట్టి చిక్కబరిస్తే వచ్చేది చేదే. పొడి తన బరువుకు రెండింతల నీటిని తనలోనే పట్టి ఉంచుకుంటుంది. కనుక 150 మిల్లీలీటర్లు పోస్తే 100 దిగుతుంది. మనిషికి 25, దానికి నాలుగింతల పాలు.

పొంగిన నీళ్ళను కాస్త చల్లార్చి పోయాలని కొందరంటారు. సముద్రపు ఒడ్డున ఉన్నవారికి ఆ మాట సరే. మన ఊరు 2000 అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నది. ఇక్కడ నీళ్ళు ఇంచుమించు 98 డిగ్రీలకే మరుగుతాయి. చల్లని ఫిల్టరులో పడేసరికి ఇంకా తగ్గుతాయి. కాబట్టి దించగానే పోయండి. ముందు పొడి తడిసేంత పోసి, అర నిమిషం ఆగి, మిగిలినది పోయాలి. పొడిని బిళ్ళతో గట్టిగా అదిమితే చుక్క దిగదు, వదులుగా వదిలితే గడగడ దిగి పలచబడుతుంది. బోరునీళ్ళు ఉప్పగా ఉన్న వీధులవారు మంచినీళ్ళే వాడండి. బహమనీల కాలంలోనే భూమిలోపల కరేజు తవ్వి నీరు తెచ్చుకున్న ఊరు మనది, నీటి విషయంలో పట్టింపు మనకు కొత్త కాదు.

పాలు అప్పుడే పొంగినవై ఉండాలి. పొద్దున కాచినవే మళ్ళీ మళ్ళీ కాచి మీగడ తేలినవి పనికిరావు. డికాక్షనును పొయ్యి ఎక్కించకండి, పాల వేడే చాలు. గ్లాసునుంచి గిన్నెకు రెండుసార్లు ఎత్తి పోస్తే నురుగు అదే వస్తుంది. పట్నాలలో యంత్రాలతో ఇచ్చే కాఫీ సంగతి వేరు. అక్కడ వాతావరణపు ఒత్తిడికి తొమ్మిదింతల ఒత్తిడితో అర నిమిషంలో రసం పిండుతారు. మన ఫిల్టరులో అది రాదు, రావాలని పాటుపడనూ వద్దు.

ఇంతా చెప్పి ఒకమాట చెప్పకపోతే లాభం లేదు. చాలా ఇళ్ళలో మొదటి డికాక్షను మామగారికి, ఇంటాయనకు, వచ్చినవారికి పోతుంది. పిప్పిమీద మళ్ళీ నీళ్ళుపోసి దిగినదానితో ఇల్లాలు తన గ్లాసు కలుపుకుంటుంది. తెల్లవారుజామున లేచి కాఫీ పెట్టిన మనిషికి కాఫీ రంగు మాత్రం దక్కుతుంది. మా ఇంటికి వచ్చిన ఒక పెద్దమ్మగారిని నేను అడిగితే, “నాకెందుకు నాయనా, ఏదైనా ఒకటే” అన్నారు. నలభై ఏళ్ళు రెండవ డికాక్షను తాగినవారికి ఏదైనా ఒకటిగానే ఉంటుంది మరి. హోటలులో కాఫీ కలిపేవాడు పొద్దున్నే మొదటి గ్లాసు తాను తాగి చూస్తాడు. పొడి తగ్గిందో నీళ్ళు ఎక్కువయ్యాయో వాడికి తెలిసిపోతుంది. మన ఇంట్లో రుచి చూడవలసిన నాలుకకే రుచి అందడం లేదు. రుచి లేదన్న మాట పడేది మాత్రం ఆమే.

లెక్కలు వ్రాసే ఉద్యోగం గనుక లెక్క చూశాను. అయిదవ గ్లాసుకు 6 గ్రాములు, అంటే నెలకు 180 గ్రాములు. మగవారు బయట తాగే కాఫీలలో కొన్ని మానుకుంటే సరిపోయే ఖర్చే. ఫిల్టరు మాత్రం నలుగురికి సరిపోయేదైతే అయిదుగురికి చాలదు, పెద్దది కొనవలసి వస్తుంది. కొనేటప్పుడు పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూడండి. చిల్లులు సన్నగా, అన్నీ ఒకే తీరుగా ఉండాలి. పూడుకున్న చిల్లు ఒకటైనా కనబడితే పక్కన పెట్టి ఇంకొకటి అడగండి.